సర్క్యులర్ ఆర్‌ఎన్‌ఏ: ఎక్కువ రోజులు నిలిస్తే ప్రోటీన్ కూడా ఎక్కువ వస్తుందా?

బురుజు_నీడ (కర్నూలు)

అందరికీ నమస్కారం. కర్నూలులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడు చదువుతున్నా. వచ్చే నెల డిపార్ట్‌మెంట్ సెమినార్‌కి సర్క్యులర్ ఆర్‌ఎన్‌ఏ, అంటే రెండు కొసలూ కలిపేసి వలయంగా చేసిన ఆర్‌ఎన్‌ఏ, తీసుకున్నా. 2022లో స్టాన్‌ఫర్డ్‌లోని హోవార్డ్ చాంగ్ బృందం నేచర్ బయోటెక్నాలజీలో వేసిన పేపర్ మీద మాట్లాడాలి. డిజైన్ మార్చుకుంటూ పోయి ప్రోటీన్ దిగుబడిని కొన్ని వందల రెట్లు పెంచామని అందులో రాశారు.

చదివాను గానీ రెండు చోట్ల ఆగిపోతున్నా. ఒకటి, ముందు క్యాప్, వెనక పాలీ-ఎ తోక ఉంటేనే ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్ వచ్చి కూర్చుంటుందని బీఎస్సీ నుంచి చదువుకున్నాం. గుండ్రంగా కలిపేస్తే రెండూ ఉండవు. మరి రైబోజోమ్ ఎక్కడ ఎక్కుతుంది? రెండు, ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ సేపు బతకడం వేరు, దాన్నుంచి ప్రోటీన్ ఎక్కువ రావడం వేరు కదా? మా వాళ్లంతా "కొసలు లేవు కాబట్టి" అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. నాకది చాలడం లేదు.

గండికోట_మాస్టారు (కడప)

అమ్మా, నీ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. దాని దగ్గరికి పోయేముందు "కొసలు లేవు" అన్న మాటలో ఎంత సత్తువుందో చూద్దాం.

కణంలో ఎంఆర్‌ఎన్‌ఏని, అంటే ప్రోటీన్ సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏని, అరగదీసే ఎంజైములు ఎక్కువగా కొసల నుంచే మొదలుపెడతాయి. ముందు పాలీ-ఎ తోక తరుగుతూ వస్తుంది. అది బాగా కురచయ్యాక క్యాప్ ఊడుతుంది. ఆపైన ఎక్స్‌ఆర్‌ఎన్1 అనే ఎంజైము 5 ప్రైమ్ వైపు నుంచి, ఎక్సోజోమ్ అనే ప్రోటీన్ల గుంపు 3 ప్రైమ్ వైపు నుంచి తినుకుంటూ పోతాయి. కొస దొరికితేనే కదా నులక మంచం విప్పగలం, వలయంలో ఆ కొస దొరకదు. మన కణాల్లో సహజంగా పుట్టే సర్క్యులర్ ఆర్‌ఎన్‌ఏల్లో చాలావాటి అర్ధాయువు 48 గంటలు దాటుతుంది. మామూలు ఎంఆర్‌ఎన్‌ఏలు చాలావరకు కొద్ది గంటల్లోనే సగానికి పడిపోతాయి.

అట్లని వలయానికి చావే లేదనుకోవద్దు. నడిమధ్యలో కోసే ఎండోన్యూక్లియేజులు ఉన్నాయి. వైరస్ సోకినప్పుడు ఆర్‌ఎన్‌ఏజ్-ఎల్ మేలుకుంటే కణంలోని సహజ వలయాలను కూడా పెద్దఎత్తున నరికేస్తుందని 2019లో చూపించారు. ఒక్కచోట తెగితే చాలు, అక్కడి నుంచి అది కొసలున్న ఆర్‌ఎన్‌ఏనే.

చరిత్రకు ఒక స్లైడు ఉంచుకో. 1976లో వైరాయిడ్లు, అంటే మొక్కలకు తెగులు తెచ్చే ఒట్టి ఆర్‌ఎన్‌ఏలు, మూసుకుపోయిన వలయాలని తేలింది. 1979లో మన తరహా కణాల సైటోప్లాజంలో గుండ్రటి ఆర్‌ఎన్‌ఏలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కనబడ్డాయి. 1991లో ఎక్సాన్లు తారుమారు వరసలో అతుక్కున్న ఆర్‌ఎన్‌ఏలు దొరికితే, అవి స్ప్లైసింగ్‌లో, అంటే ఇంట్రాన్లు తీసేసి ఎక్సాన్లను అతికించే పనిలో, జరిగిన పొరపాట్లేమో అనుకుని చాలామంది పక్కన పెట్టేశారు. 2012, 2013 నాటికి సీక్వెన్సింగ్ పెరిగాక గానీ అవి వేల సంఖ్యలో ఉన్నాయని ఒప్పుకోలేదు. పక్కన పెట్టేసిన సంగతిలోనే ఇంత ఉందని పిల్లలకు చెప్పు, అది ముఖ్యం.

చీనీతోట (నార్పల, అనంతపురం)

సార్, వైరాయిడ్ అన్నారు కాబట్టి నేనూ వొక మాట చెప్తా. నేను హార్టికల్చర్ డిప్లొమా చేసి నర్సరీ నడుపుతాన్నా. మా చీనీ చెట్లకు ఎక్సోకార్టిస్ అని వొక తెగులు వస్తాది. దానికి కారణం వైరాయిడే. 371 అక్షరాల గుండ్రటి ఆర్‌ఎన్‌ఏ, అంతే. దానికి పైన పొర ల్యా, ఏమీ ల్యా.

సాత్‌గుడిని రంగపూర్ నిమ్మ మీద అంటు కడితే తెలుస్తాది దీని దెబ్బ. అంటు అతుకుకు కింద, వేరుమూలం బెరడు నిలువునా చీలి పెచ్చులు పెచ్చులుగా లేస్తాది. చెట్టు గిడసబారిపోతాది. జంబేరి మీద కడితే అంత బయటపడదు, కానీ చెట్టులో తెగులు ఉండేదుంటాది. అంటు కత్తితో వొక చెట్టు కన్ను కోసి ఇంకో చెట్టు కోస్తే చాలు, దానికీ అంటుకుంటాది. కత్తిని నిప్పుకు చూపిస్తేనో, స్పిరిట్‌తో తుడిస్తేనో పోతాదని నమ్ముకోకూడదు. బ్లీచింగ్ నీళ్లల్లో ముంచాల్సిందే. మా దగ్గర పనిచేసే వాళ్లకు ప్రతి చెట్టుకూ ముంచమని చెప్తాం. మిట్టమధ్యాహ్నం ఎండలో తొందర పడి ముంచకుండా పోతే ఇంక ఆ వరసంతా పోయినట్లే.

ఒట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్క, కత్తి అంచున ఆరిపోయి కూడా బతికుంటాదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

గండికోట_మాస్టారు

చీనీతోట గారూ, మీరు మా అమ్మాయి ప్రశ్నకు సగం జవాబు ఇచ్చేశారు. ఎక్సోకార్టిస్ వైరాయిడ్ చెట్టులో ఏళ్లకేళ్లు ఉంటుంది. వలయం కావడం ఒక కారణం, దాని అక్షరాలు లోపల్లోపల జతపడి గట్టి కడ్డీలాగా ముడుచుకుని ఉండడం ఇంకొకటి. అంత మన్నిక ఉన్నా అది ఒక్క ప్రోటీన్ కూడా చెయ్యదు. చెయ్యడానికి అందులో సందేశమే లేదు. మన కణాల్లోని సహజ వలయాల్లో కూడా చాలావాటి నుంచి ప్రోటీన్ రాదు. కాబట్టి మన్నిక ఒక్కటే చాలదు. రైబోజోమును పిలిచే ఏర్పాటు వేరే చెయ్యాలి.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు, ప్రస్తుతం బెంగళూరు)

నేను ఆర్‌ఎన్‌ఏ మీదే పనిచేస్తా కాబట్టి ఈ ఏర్పాటు సంగతి నేను అందుకుంటా.

రైబోజోమ్ ఎక్కే చోటును ఐఆర్‌ఈఎస్ అంటారు. పోలియో, ఈఎంసీవీ లాంటి వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏకి క్యాప్ ఉండదు. మరి మన కణంలో దూరి మన రైబోజోములతోనే పని ఎట్ల చేయించుకుంటాయని చూస్తే, సందేశానికి ముందు కొన్ని వందల అక్షరాల భాగం మెలికలు తిరిగి ఒక రూపం కట్టి, రైబోజోమును నేరుగా అక్కడికే రప్పిస్తోందని 1988లో బయటపడింది. 1995లో చెన్, సార్నోవ్ అనే ఇద్దరు ఆ ఈఎంసీవీ ముక్కను గుండ్రటి ఆర్‌ఎన్‌ఏలో పెట్టి చూశారు. కొస లేకపోయినా రైబోజోమ్ ఎక్కింది. ఇంకో వలయంలో స్టాప్ కోడాన్ తీసేస్తే, రైబోజోమ్ ఆగకుండా చుట్టూ తిరుగుతూ చాలా పొడవైన ప్రోటీన్ తీసింది. నీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ పేపరే.

కానీ ఐఆర్‌ఈఎస్ బలం క్యాప్ బలానికి సాటిరాదు. అందుకే 1995 తర్వాత కూడా చాలా ఏళ్లు ఇది మందుగా పనికొస్తుందని ఎవరూ పెద్దగా నమ్మలేదు. 2018లో ఎంఐటీలో డేనియల్ ఆండర్సన్ దగ్గర వెస్సెల్‌హోఫ్ట్ చేసిన పనితో గాలి మళ్లింది. ఈఎంసీవీ బదులు కాక్సాకీ వైరస్ బి3 నుంచి తీసిన ఐఆర్‌ఈఎస్ పెడితే చాలా రకాల కణాల్లో బాగా పనిచేసింది. హెచ్‌ఈకే అనే ల్యాబ్‌లో పెంచే మనిషి కణాల్లో ప్రోటీన్ తయారీ సగానికి పడడానికి వలయానికి దాదాపు 80 గంటలు పట్టింది, క్యాప్ ఉన్న మామూలు ఎంఆర్‌ఎన్‌ఏకి అందులో సగానికి కాస్త ఎక్కువ పట్టింది.

చాంగ్ బృందం 2022లో పట్టుకున్నది ఈ బలహీనతనే. వాళ్లు చేసిన మార్పులను విడివిడి చిట్కాలుగా చెప్పకు, ప్రతి దానికీ "రైబోజోమును ఇంకా గట్టిగా ఎట్ల పిలవాలి" అనే ఆలోచనే మూలం. రకరకాల ఐఆర్‌ఈఎస్‌లు పోల్చి చూసి, జలుబు తెచ్చే రైనోవైరస్ బి3 నుంచి ఒకటి ఎంచుకున్నారు. ఐఆర్‌ఈఎస్ మడతల్లో ఒకచోట ఈఐఎఫ్4జి అనే ప్రోటీన్ను పట్టుకునే చిన్న ఆప్టామర్‌ను ఇరికించారు. రైబోజోమును తెచ్చి ఆర్‌ఎన్‌ఏ మీద పెట్టే మధ్యవర్తుల్లో ఈఐఎఫ్4జి ముఖ్యమైనది, అది ముందే అక్కడ తగులుకుని ఉంటే పని తొందరగా మొదలవుతుంది. ముందు భాగంలో పాలీ-ఎ తోకను పట్టుకునే ప్రోటీన్‌కు సరిపోయే వరసలు పెట్టారు, అంటే లేని తోక పనిని ఇంకోచోట నుంచి తెచ్చారు. సందేశం తర్వాత ఆల్ఫా గ్లోబిన్ జన్యువు చివరి భాగాన్ని కలిపారు. అతుకు మచ్చ ఐఆర్‌ఈఎస్ మడతలను చెడగొట్టని చోట పడేటట్లు అన్నింటి వరసను సర్దారు.

ఇవన్నీ కలిస్తేనే వందల రెట్లు. అందులో వలయం చుట్టడం వల్ల వచ్చింది ఏదీ లేదని గమనించు. వలయం ముందూ ఉంది, వెనకా ఉంది.

బురుజు_నీడ

అన్నా, చాలా థ్యాంక్స్. చివరి వాక్యం చదివాక పేపర్ మళ్లీ తెరిచి చూశా. అంటే ఆ వందల రెట్లు మామూలు ఎంఆర్‌ఎన్‌ఏతో పోల్చి చెప్పింది కాదా?

హంద్రీ_ఒడ్డు

కాదు. వాళ్లు మొదలుపెట్టిన సర్క్యులర్ డిజైన్‌తో పోల్చి చెప్పింది. వార్తల్లో "ఎంఆర్‌ఎన్‌ఏ కంటే వందల రెట్లు" అని రాసేవాళ్లు ఉన్నారు, అది తప్పు. సెమినార్‌లో ఎవరైనా తప్పకుండా అడుగుతారు, ముందే చెప్పెయ్యి.

మార్పులు చేసిన మామూలు ఎంఆర్‌ఎన్‌ఏ మొదటి రోజు బాగా ఎగసి, తర్వాత జారిపోతుంది. వలయం మొదట్లో కిందనే ఉండి, జారడం మాత్రం నిదానంగా జారుతుంది. గ్రాఫులో ఎత్తు చూడకు, గీత కింద మొత్తం వైశాల్యం చూడు. ఇంకొకటి, ఎన్ని రోజులకు ఎవరు పైన ఉన్నారన్నది ఏ కణంలో కొలిచారన్న దాన్ని బట్టి ఉంటుంది. తొందరగా విభజన జరిగే కణాల్లో ఆర్‌ఎన్‌ఏ చావకపోయినా పిల్ల కణాలకు పంచుకుపోయి పలచబడుతుంది.

పెన్న_గట్టు (ప్రొద్దుటూరు)

సార్, మేడమ్, నేను సైన్సు చదివినోన్ని కాదు. గుడ్డల కొట్టు నడుపుకుంటాండా. మా పిల్లోనికి తొమ్మిదేళ్లు, హిమోఫిలియా ఎ, రక్తం గడ్డకట్టని జబ్బు, సివియర్ అని రాసినారు. వారంలో ఇన్ని సార్లని ఫ్యాక్టర్ 8 ఎక్కించాల. మేం పోయే ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు, కాకుంటే ఒక్కోసారి స్టాకు ఉండదు. ఆ పొద్దు మోకాలు వాచిందంటే పిల్లోడు కాలు చాపలేక రాత్రంతా కూర్చోనే ఉంటాడు. నరం దొరకబట్టడమే పెద్ద పని, రెండు చేతులూ సూది గుర్తులే.

మీరు చెప్పే ఈ గుండ్రటి ఆర్‌ఎన్‌ఏ వొకసారి ఎక్కిస్తే ఒంట్లోనే ఫ్యాక్టర్ చానా దినాలు తయారైతాదని నాకు అర్థమైంది. అది నిజమేనా? మన పిల్లోల్లకు ఎప్పుడొస్తాది? ఎవరన్నా దయచేసి చెప్పండి.

వార్డు_డ్యూటీ (పిల్లల వైద్యంలో పీజీ, కర్నూలు)

అన్నా, నమస్తే. మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. ఉన్నదున్నట్లు చెబుతా.

మీరు అర్థం చేసుకున్నది సరిగ్గానే ఉంది. కానీ హిమోఫిలియాకు ఈ పద్ధతిలో తయారైన మందు ఏదీ ఇప్పుడు దొరకదు. కాబట్టి దీన్ని నమ్ముకుని ఫ్యాక్టర్ ఒక్క డోసు కూడా ఆపొద్దు.

ఫ్యాక్టర్ 8 ఒంట్లోకి ఎక్కించాక అటూ ఇటుగా 12 గంటల్లో సగమవుతుంది, పిల్లల్లో ఇంకా తొందరగా. అందుకే మాటిమాటికీ సూది. ఇప్పుడు చేతిలో ఉన్న దారుల్లో మీరు మీ డాక్టరును అడగాల్సింది ఎమిసిజుమాబ్ గురించి. అది ఫ్యాక్టర్ కాదు, ఫ్యాక్టర్ 8 చేసే పనిని చేసే యాంటీబాడీ. నరంలోకి అక్కర్లేదు, చర్మం కిందే ఇస్తారు. ఒంట్లో సగం కావడానికి నాలుగు వారాల దాకా పడుతుంది కాబట్టి వారానికో, రెండు వారాలకో, నెలకో ఒకసారి చాలు. ఖరీదైనదే, కానీ కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వాసుపత్రుల ద్వారా కూడా ఇస్తున్నారు. అడగడంలో తప్పు లేదు, గట్టిగా అడగండి.

ఇంకో సంగతి. మన వైపు వాళ్లంతా పోయే వేలూరు సీఎంసీలోనే హిమోఫిలియా ఎ జన్యు చికిత్స ట్రయల్ జరిగింది. రోగి మూలకణాలను బయటికి తీసి, ఫ్యాక్టర్ 8 జన్యువు చేర్చి తిరిగి ఎక్కించారు. ఐదుగురికి చేస్తే, చికిత్స తర్వాత గమనించిన కాలంలో ఒక్కరికీ రక్తస్రావం కాలేదని 2024 డిసెంబరులో ప్రచురించారు. అది పెద్దవాళ్ల మీద, ముందు గట్టి కీమోథెరపీ మందు ఇచ్చి చేసింది. పిల్లలకు ఇప్పుడే అని చెప్పను, కానీ మన పక్కనే ఇంత పని జరుగుతోందని మీకు తెలియాలి.

మోకాలు వాచిన రోజు: ఫ్యాక్టర్ ఎంత తొందరగా ఎక్కితే అంత మేలు, తెల్లారేదాకా ఆగొద్దు. ఐసు గుడ్డలో చుట్టి పెట్టండి, కాలు కదలనివ్వొద్దు. నొప్పికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ లాంటివి ఇవ్వొద్దు. కండకు ఇచ్చే ఇంజెక్షన్లు ఎవరు చెప్పినా వద్దనండి. ఇన్హిబిటర్ పరీక్ష, అంటే ఇచ్చే ఫ్యాక్టర్‌ను పనిచెయ్యనివ్వని యాంటీబాడీలు ఒంట్లో పుట్టాయేమో చూసేది, ఈ మధ్య చేయించారా?

గండికోట_మాస్టారు

డాక్టరమ్మ చెప్పినదానికి సైన్సు వైపు నుంచి ఒకటి కలుపుతాను. ప్రొద్దుటూరు ఆయనకూ అర్థమయ్యేటట్లు చెబుతాను.

రక్తనాళంలోకి ఎక్కించిన కొవ్వు కణికలు, అంటే లిపిడ్ నానోపార్టికల్స్, ఎక్కువగా కాలేయంలోని హెపటోసైట్లలోకి పోతాయి. హిమోఫిలియా బి లో కొరవడే ఫ్యాక్టర్ 9 సహజంగా తయారయ్యేది ఆ కణాల్లోనే. దాని సందేశం కూడా చిన్నది, దాదాపు 1,400 అక్షరాలు. ఫ్యాక్టర్ 8 అట్లా కాదు. అది కాలేయంలోనే గానీ రక్తనాళాల లోపలి పొర కణాల్లో తయారవుతుంది. అక్కర్లేని బి-డొమైన్ తీసేసినా 4,400 అక్షరాల దాకా ఉంటుంది. దానికి ఐఆర్‌ఈఎస్ కలిపితే ఐదు వేలు దాటుతుంది. 2018 నాటి పని సుమారు ఐదు వేల దాకా చుట్టగలిగింది, కానీ పొడవు పెరిగేకొద్దీ వలయం చుట్టుకోవడం తగ్గిపోతుంది, మధ్యలో తెగడం పెరుగుతుంది. అందుకే హిమోఫిలియా బి కి ఈ దారి దగ్గర, ఎ కి దూరం.

ఇంకొకటి కూడా చూడాలి. ఆర్‌ఎన్‌ఏ నుంచి వచ్చే ప్రోటీన్ మూడు నాలుగు రోజులకు సగమవుతుందనుకుంటే, నెలలో కొన్ని సార్లు ఎక్కించక తప్పదు. నెలకోసారి చర్మం కింద ఇచ్చే మందు ఉండగా దాన్ని ఎవరు తీసుకుంటారు? ఈ పనిలో ఉన్నవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి. అట్లని నేను దీన్ని తీసెయ్యడం లేదు. వైరస్ వాహకంతో ఇచ్చే జన్యు చికిత్సను రెండోసారి ఇవ్వడం కష్టం, ఒంట్లో యాంటీబాడీలు పుట్టేస్తాయి. ఆర్‌ఎన్‌ఏని మళ్లీ ఇవ్వొచ్చు, డోసు తగ్గించొచ్చు, ఆపెయ్యొచ్చు. అది మన డీఎన్‌ఏ జోలికి పోదు. ఎదిగే పిల్లల కాలేయానికి ఇది పెద్ద సుగుణం.

పెన్న_గట్టు

మేడమ్, ఇన్హిబిటర్ పరీక్ష చేయించి ఏడాది దాటింది. ఆ మందు పేరు రాసి పెట్టుకున్నా, వచ్చే సోమవారం అడుగుతా. మీ అందరికీ రుణపడి ఉంటా.

వార్డు_డ్యూటీ

సోమవారమే పరీక్షకు కూడా రాయించుకోండి అన్నా. సివియర్ ఎ పిల్లల్లో నూటికి 25, 30 మందికి ఇన్హిబిటర్లు వస్తాయి, వస్తే ఇచ్చే ఫ్యాక్టర్ పనిచెయ్యదు. ఇంతకు ముందు వేసిన అన్ని డోసుల తేదీలూ ఒక నోటుపుస్తకంలో ఉంటే తీసుకుపోండి.

టీకా_బండి (అనంతపురం)

నేను వ్యాక్సిన్ కోల్డ్‌చైన్‌లో పనిచేస్తా. ఏప్రిల్, మే నెలల్లో మా ఐసు పెట్టెలతో మేం పడే పాట్లు చెప్పనక్కర్లేదు. చీనీ చెట్టు వైరాయిడ్ కత్తి మీద ఆరినా బతుకుతుందన్నారు. ఈ గుండ్రటి ఆర్‌ఎన్‌ఏతో టీకా చేస్తే ఫ్రిజ్ అవసరం ఉండదా? చైనాలో కరోనాకు ఇట్లాంటి టీకా చేశారని విన్నా.

హంద్రీ_ఒడ్డు

విన్నది నిజమే. 2022లో పెకింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు సెల్ పత్రికలో వేశారు, ఎలుకల్లోనూ రీసస్ కోతుల్లోనూ రక్షణ కనిపించింది.

కానీ ఫ్రిజ్ సంగతి అంత సులభం కాదు. కణంలో మన్నిక వేరు, సీసాలో మన్నిక వేరు. కణంలో శత్రువులు ఎంజైములు, అవి కొసలు వెతుక్కుంటాయి, వలయం వాటిని ఎదుర్కొంటుంది. సీసాలో శత్రువు నీళ్లు, వేడి. ఆర్‌ఎన్‌ఏలో ప్రతి అక్షరం దగ్గరా ఉండే హైడ్రాక్సిల్ గుంపు పక్కనే ఉన్న బంధం మీద పడి తెంపేస్తుంది. దానికి కొసతో పని లేదు, ఎక్కడైనా తెంచుతుంది. ఒక్కచోట తెగితే వలయం పోయినట్లే. వైరాయిడ్‌కు 371 అక్షరాలే, అవీ చాలావరకు జతపడి ఉంటాయి కాబట్టి తెగే చోట్లు తక్కువ. టీకా వలయానికి వేల అక్షరాలుంటాయి. పైగా చుట్టూ ఉన్న కొవ్వు కణికలు కూడా వేడికి పాడవుతాయి.

మీ పెట్టెలకు మేలు చేసేది ఎండబెట్టి పొడి చెయ్యడం. పుణెలోని జెనోవా చేసిన జెమ్‌కోవాక్-19 అట్లాంటిదే, అది వలయం కాదు, కణంలో తన నకళ్లు తానే పెంచుకునే రకం ఎంఆర్‌ఎన్‌ఏ టీకా, పొడి రూపంలో 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచేటట్లు చేశారు. 2022 జూన్‌లో అనుమతి వచ్చింది. వలయానికీ అదే దారి పట్టాలి.

బురుజు_నీడ

ఇంత వస్తుందని అనుకోలేదు. ఇంకొక్కటి. వలయం చుట్టే విధానం బోర్డు మీద గీసి చూపించమంటారు. ఇంట్రాన్ ముక్కలను తిరగేసి పెడతారని ఉంది. ఎందుకు తిరగెయ్యాలో పట్టుబడలేదు.

హంద్రీ_ఒడ్డు

గ్రూప్ 1 ఇంట్రాన్ నుంచి మొదలుపెట్టు. ఎంజైము సాయం లేకుండా తనను తాను కోసుకుని బయటపడే ఆర్‌ఎన్‌ఏ అది. టెట్రాహైమెనాలో దాన్ని చూసినందుకే థామస్ చెక్‌కు 1989లో నోబెల్ వచ్చింది, సిడ్నీ ఆల్ట్‌మన్‌తో కలిపి. మామూలు వరస ఇది: ఎక్సాన్ ఒకటి, ఇంట్రాన్, ఎక్సాన్ రెండు. ఇంట్రాన్ ఊడిపోయాక ఎక్సాన్ ఒకటి తోక, ఎక్సాన్ రెండు తలకు అతుక్కుంటుంది.

ఇప్పుడు ఇంట్రాన్‌ను మధ్యకు కోసి, దాని వెనక సగాన్ని నీ ఆర్‌ఎన్‌ఏ మొదట్లో, ముందు సగాన్ని చివర్లో పెట్టు. అంటే వరస ఇట్లా అవుతుంది: ఇంట్రాన్ వెనక సగం, ఎక్సాన్ రెండు, ఐఆర్‌ఈఎస్, నీ ప్రోటీన్ సందేశం, ఎక్సాన్ ఒకటి, ఇంట్రాన్ ముందు సగం. రెండు సగాలూ వెతుక్కుని దగ్గరకొచ్చి ఎప్పటి రూపమే కడతాయి, ఎప్పటి పనే చేస్తాయి: ఎక్సాన్ ఒకటి తోకను ఎక్సాన్ రెండు తలకు అతికిస్తాయి. అయితే ఈసారి అవి రెండూ ఒకే పోగుకు రెండు కొసలు. అందుకే వలయం. 1992లోనే చూపించిన పద్ధతి ఇది. వెస్సెల్‌హోఫ్ట్ అనబీనా అనే నీలి ఆకుపచ్చ బాక్టీరియా ఇంట్రాన్ వాడి, రెండు సగాలూ తప్పిపోకుండా దగ్గరకు రావడానికి ఇరువైపులా జతపడే వరసలు, ఐఆర్‌ఈఎస్ మడతలు ఇంట్రాన్ మడతలతో చిక్కుపడకుండా స్పేసర్లు చేర్చాడు. మెగ్నీషియం ఉన్న బఫర్‌లో జీటీపీ వేసి 55 డిగ్రీల దగ్గర 8 నిమిషాలు ఉంచితే చాలు.

తర్వాతదే అసలు కష్టం. జెల్ మీద వేస్తే వలయంతో పాటు చుట్టుకోని పోగులు, కింద ఇంట్రాన్ సగాలు, ఒకచోట తెగిన వలయాలు అన్నీ కనబడతాయి. ఆర్‌ఎన్‌ఏజ్-ఆర్ వేస్తే కొసలున్నవి చాలావరకు అరిగిపోతాయి, కానీ అన్నీ కాదు. వచ్చింది వలయమేనని రుజువు చెయ్యడానికి ఒక చక్కటి పరీక్ష ఉంది, స్లైడులో తప్పకుండా పెట్టు. ఆర్‌ఎన్‌ఏలో ఒకచోటికి సరిపోయే చిన్న డీఎన్‌ఏ ముక్కను జతచేసి ఆర్‌ఎన్‌ఏజ్-హెచ్ వెయ్యాలి. అది ఆ జతపడిన చోటే కోస్తుంది. కొసలున్న పోగైతే రెండు ముక్కలు, జెల్ మీద రెండు బ్యాండ్లు. వలయమైతే తెగి ఒకే పోగవుతుంది, ఒకే బ్యాండ్. మొదటిసారి ఆ ఒక్క బ్యాండ్ వచ్చినప్పుడు కలిగే సంతోషం చెప్పలేను.

గండికోట_మాస్టారు

శుద్ధి గురించి ఇంకొంచెం నొక్కి చెప్పు నాయనా, అక్కడే పెద్ద వివాదం జరిగింది.

హంద్రీ_ఒడ్డు

అవును మాస్టారూ. 2017లో చాంగ్ బృందమే బయటి ఇంట్రాన్‌తో చుట్టిన వలయాలను కణం పరాయివిగా గుర్తుపట్టి ఆర్‌ఐజి-ఐ అనే కాపలా ప్రోటీన్ ద్వారా అలారం మోగిస్తుందని చెప్పింది. ఆర్‌ఎన్‌ఏలోని ఎ అక్షరాల మీద కొద్దిగా ఎం6ఎ అనే రసాయన మార్పు చేరిస్తే ఆ అలారం తగ్గుతుందని 2019లో చెప్పారు. అదే ఏడాది ఆండర్సన్ బృందం, హెచ్‌పీఎల్‌సీ అనే వేరుచేసే యంత్రంతో బాగా శుద్ధి చేసిన వలయం అలారం మోగించదు, మోగించేది మిగిలిపోయిన కొసల ముక్కలేనని చూపించింది. ఆర్‌ఐజి-ఐ చూసేది 5 ప్రైమ్ కొసన ఉండే ట్రైఫాస్ఫేటును. రవ్వంత మిగిలినా అది చాలు. తర్వాత ఇంకొకరు, ఇంట్రాన్ పద్ధతిలో మిగిలే ఎక్సాన్ మచ్చ కూడా కారణమేనని, లైగేజ్‌తో మచ్చ లేకుండా అతికిస్తే అలారం తగ్గుతుందని చూపించారు.

నా పని అనుభవంలో శుద్ధి సరిగ్గా లేకపోతే మిగతా డిజైన్ అంతా వృథా. అలారం మోగితే కణం ప్రోటీన్ తయారీనే ఆపేస్తుంది. ఇంకో చిక్కుంది. కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు 2023 నోబెల్ తెచ్చిన అక్షరాల మార్పు ఉంది కదా, దాన్ని ఇక్కడ పూర్తిగా వాడలేం. యూరిడిన్లన్నీ, అంటే యు అక్షరాలన్నీ, మార్చేస్తే ఇంట్రాన్, ఐఆర్‌ఈఎస్ రెండింటి మడతలూ చెడిపోతాయి. అందుకే వలయానికి శుద్ధే కవచం.

వార్డు_డ్యూటీ

నా వైపు నుంచి ఒక మాట. "ఎక్కువ రోజులు" అన్నది ఎప్పుడూ మంచిదే అన్నట్లు స్లైడులో రాయొద్దు. ఈ ప్రయోగాల్లో ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపొయిటిన్ వాడారు కదా. అది రోగిలో అవసరానికి మించి వారాల తరబడి వస్తే రక్తం చిక్కబడి గడ్డలు కట్టే ప్రమాదం. జన్యువును కత్తిరించే క్యాస్9 అయితే పని చేసి తొందరగా పోవాలి, ఉండిపోతే కోయకూడని చోట కోస్తుంది. మధ్యలో ఆపలేని మందుకు డోసు నిర్ణయించడం మాకు చాలా కష్టం.

బురుజు_నీడ

ఆ స్లైడు తప్పకుండా పెడతా మేడమ్. చివరగా ప్రాజెక్టు సంగతి. మా కాలేజీలో పీసీఆర్ యంత్రం, జెల్ ఉన్నాయి. హెచ్‌పీఎల్‌సీ, కణాల కల్చర్ లేవు. సర్క్యులర్ ఆర్‌ఎన్‌ఏ మీద ఇక్కడ చెయ్యదగ్గది ఏదైనా ఉందా?

హంద్రీ_ఒడ్డు

ఉంది, ఈ చర్చలోనే ఉంది. చీనీ చెట్టు. వలయాన్ని పట్టుకోవడానికి ప్రైమర్లను, అంటే పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలను, ఎదురెదురుగా కాకుండా వీపు వీపు ఆనించి వేస్తారు. కొసలున్న పోగు మీద అవి చెరో దిక్కుకు పోయి ఏమీ రాదు. వలయం మీదైతే చుట్టూ తిరిగి కలుసుకుంటాయి, బ్యాండ్ వస్తుంది. పక్కపక్కనే ఆనించి వేస్తే 371 అక్షరాలూ మొత్తంగా వస్తాయి, సీక్వెన్సింగ్‌కు బయట ఇచ్చుకోవచ్చు. ఎవరికీ పనికిరాని ప్రాజెక్టు కంటే నార్పల తోటల్లో ఏ చెట్లలో ఈ వైరాయిడ్ ఉందో చెప్పే ప్రాజెక్టు ఎంతో మేలు.

చీనీతోట

అమ్మా, నువ్వు చేస్తానంటే ఆకులు నేనిస్తా. బెరడు లేసిన చెట్లు, లేవని చెట్లు రెండూ ఉండాయి మా దగ్గర. కన్నులు తీసే తల్లి చెట్లు ముందు చూడు, వాట్లో ఉంటే నర్సరీ అంతా పోతాది. ఎండలు ముదిరినాక రా, వేడికి ఈ తెగులు చెట్టులో ఎక్కువైతాదని మాకు చెప్పినారు.

హంద్రీ_ఒడ్డు

సరిగ్గానే చెప్పారు, వెచ్చటి నెలల్లో దొరకడం సులభం. లేత చిగుళ్లు, లేత కొమ్మ బెరడు తీసుకో. ప్రతి చెట్టుకూ కొత్త బ్లేడు, లేదంటే చీనీతోట అన్న చెప్పినట్లు బ్లీచింగ్‌లో ముంచిన కత్తి. లేకపోతే నువ్వే అంటించిన దాన్ని నువ్వే కొలుస్తావు.

ఒక జాగ్రత్త. వైరాయిడ్ పెరిగేటప్పుడు వలయం చుట్టూ తిరుగుతూ ఒకదాని వెనక ఒకటి అతుక్కున్న పొడవాటి పోగులు కూడా తయారవుతాయి. వీపు ప్రైమర్లకు వాటిమీద కూడా బ్యాండ్ వస్తుంది. కాబట్టి బ్యాండ్ వస్తే చెట్టుకు వైరాయిడ్ ఉందని రాయి, "వలయం చూశాను" అని మాత్రం రాయకు. అది రాయాలంటే ఆర్‌ఎన్‌ఏజ్-ఆర్ వేసిన గొట్టం, వెయ్యని గొట్టం పక్కపక్కన నడపాలి. చీనీ చెట్లలో హాప్ స్టంట్ వైరాయిడ్ కూడా కలిసి ఉంటుంది, దానికీ ఒక జత ప్రైమర్లు ఆర్డర్ పెట్టు. వరసలు ఎంచుకున్నాక ఇక్కడే పెట్టు, ఆర్డరుకు ముందు నేను చూస్తా.